ఏడేళ్లకు పూసే మూడాకుల పువ్వు: ట్రిల్లియం పెంపకం, సంరక్షణ

ఉత్తర అమెరికా తూర్పు భాగంలోని అడవుల్లో ఏటా కొద్ది వారాల పాటు నేలంతా తెల్లని పూలు పరుచుకుంటాయి. చలికాలపు మంచు కరిగి, పెద్ద చెట్లు ఇంకా పూర్తిగా చిగురు వేయకముందే ఈ మొక్కలు నేలలోంచి పైకి లేస్తాయి. ఒక్కో మొక్కకు మూడే ఆకులు, వాటి నడుమ ఒక్కటే పువ్వు. ఈ మొక్క పేరు ట్రిల్లియం. తెల్లని పెద్ద పూలు పూసే జాతిని శాస్త్రజ్ఞులు ట్రిల్లియం గ్రాండిఫ్లోరం అంటారు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 1937లో దీన్ని తన అధికారిక పుష్పంగా ఎంచుకుంది. అమెరికాలోని ఒహాయోకు కూడా ఇదే రాష్ట్ర అడవి పువ్వు. టొరంటో, ఒహాయో, మిషిగన్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వసంతంలో అడవి బాటల వెంట నడిచేటప్పుడు చూసే పువ్వుల్లో ఇదొకటి.

ఇది నీడలో పెరిగే మొక్క. ఎండ పడని పెరటి మూలల్లో ఏం పెంచాలా అని ఆలోచించే వారికి ఎంతో నచ్చుతుంది. అయితే దీన్ని పెంచాలనుకునే వారు ముందుగా తెలుసుకోవలసిన లెక్క ఒకటి ఉంది. విత్తనం నేలలో పడిన నాటి నుంచి మొదటి పువ్వు పూసే దాకా సాధారణంగా 7 నుంచి 10 ఏళ్లు పడుతుంది. ట్రిల్లియంను ఎక్కడ నాటాలి, ఎలా చూసుకోవాలి, ఎక్కడ కొనాలి అనే ప్రశ్నలన్నింటికీ జవాబు ఈ లెక్కలోనే ఉంది. మన హిమాలయాల్లో దీని బంధువు ఎందుకు కనుమరుగవుతోందో కూడా ఇదే లెక్క చెబుతుంది.

అన్నీ మూడేసి

ట్రిల్లియం అనే పేరును 1753లో లిన్నేయస్ స్థిరపరిచాడు. లాటిన్‌లో మూడు అనే అర్థమిచ్చే పదం నుంచి ఆ పేరు వచ్చింది. మొక్కను చూస్తే కారణం వెంటనే తెలుస్తుంది. మూడు ఆకులు, మూడు ఆకుపచ్చని రక్షక పత్రాలు, మూడు తెల్లని రేకలు, రెండు వరుసల్లో మూడేసి చొప్పున ఆరు కేసరాలు, మూడు గదుల అండాశయం. రేకలు విచ్చుకున్నప్పుడు తెల్లగా ఉండి, రోజులు గడిచే కొద్దీ గులాబీ రంగుకు తిరుగుతాయి. ఒకే గుంపులో తెల్లనివి, గులాబీవి కలిసి కనిపిస్తే అవి రెండు రకాలని అనుకోనక్కర్లేదు. రంగు మారినది ముందుగా పూసిన పువ్వు.

మొక్క అసలు శరీరం నేల లోపల ఉంటుంది. అల్లం, పసుపులకు ఉన్నట్లే దీనికీ నేలలో అడ్డంగా పెరిగే కొమ్ము ఉంటుంది. నేల పైకి కనిపించే కాడ నిజానికి పూకాడ. మూడు ఆకులుగా మనం చూసేవి ఆ పూకాడకు ఉన్న పుష్పపుచ్ఛాలని వృక్షశాస్త్రం చెబుతుంది. అయినా ఏడాదికి సరిపడా ఆహారం తయారు చేసే పని పూర్తిగా వాటిదే. కొమ్ము మీద ఏటా ఒక మచ్చ మిగులుతుంది. ఆ మచ్చలను లెక్కపెట్టి మొక్క వయసును అంచనా వేస్తారు. 30 ఏళ్లు దాటిన మొక్కలు అడవుల్లో అరుదు కాదు.

నీడ కమ్మేలోపు సంపాదన

ట్రిల్లియంను నీడ మొక్క అనడం సగం నిజమే. ఇది పెరిగే మేపుల్, బీచ్ అడవులు ఆకురాల్చే అడవులు. వసంతం తొలి రోజుల్లో కొమ్మలు మోడుగా ఉండటం వల్ల నేల మీదికి వెలుతురు ధారాళంగా దిగుతుంది. కొన్ని వారాల్లో పైన ఆకులు కమ్ముకుంటాయి. ఆ తర్వాత నేలను చేరే వెలుతురు కొద్ది శాతమే. ట్రిల్లియం ఆ మధ్య కాలాన్ని పట్టుకుంటుంది. గత ఏడాదే కొమ్ము చివర సిద్ధం చేసుకున్న మొగ్గ మంచు కరగగానే పైకి వస్తుంది. ఆకులు విప్పుకుని కిరణజన్య సంయోగక్రియ ద్వారా పిండిపదార్థాన్ని తయారు చేసి కొమ్ములో దాచుకుంటుంది. నీడ పడిన తర్వాత కూడా ఆకులు కొంతకాలం నిలుస్తాయి కానీ, సంపాదనలో పెద్ద వాటా ఆ తొలి వారాలదే. వేసవి ముగిసేసరికి ఆకులు పసుపుబారి వాడిపోతాయి. మొక్క చచ్చిపోయిందని కొత్తగా పెంచేవారు కంగారు పడేది ఇక్కడే. అది చనిపోలేదు, మరుసటి వసంతం దాకా నేలలో నిద్రపోతుంది.

పెంపకానికి సంబంధించిన మొదటి పాఠం దీని నుంచే వస్తుంది. ట్రిల్లియంకు ఆకురాల్చే చెట్టు నీడ కావాలి. ఏడాది పొడవునా ఆకులుండే దట్టమైన చెట్టు కిందగాని, ఎప్పుడూ ఎండ పడని గోడ వారనగాని నాటితే తొలి వసంతపు వెలుతురు అందదు. మొక్క బతికినా ఏటికేడు చిక్కిపోతుంది.

విత్తనం నుంచి పువ్వు దాకా

ట్రిల్లియం విత్తనానికి రెండంచెల సుప్తావస్థ ఉంటుంది. వేసవిలో పండిన విత్తనం నేలలో పడ్డాక ఒక చలికాలం గడవాలి. ఆ చలి తగిలిన తర్వాతే, మరుసటి ఏడాది వెచ్చని నెలల్లో, వేరు బయటికి వస్తుంది. నేల మీద మాత్రం ఏమీ కనిపించదు. రెండో చలికాలం కూడా గడిచిన తర్వాత, అంటే రెండో వసంతంలో, సన్నని బీజదళం ఒక్కటి పైకి వస్తుంది. ఆ ఏడాదికి అదే దాని ఆకు.

తర్వాత కొన్నేళ్లు మొక్కకు ఏటా ఒక్క ఆకే వస్తుంది. కొమ్ములో తగినంత నిల్వ చేరాక మూడాకులు వస్తాయి కానీ పువ్వు ఉండదు. ఆ దశలోనూ కొన్నేళ్లు గడిచాక మొదటి మొగ్గ తొడుగుతుంది. ఈ ప్రయాణం ముందుకే సాగాలన్న నియమం లేదు. ఆకులు పోగొట్టుకున్న మొక్క మరుసటి ఏడాది పూయకపోవచ్చు, చిన్నబడి వెనకటి దశకు జారిపోవచ్చు.

పువ్వును కోయకూడదని చెప్పడానికి కారణం ఇదే. ఆకులు పువ్వుకు సరిగ్గా కిందనే ఉంటాయి కాబట్టి, కాడతో తుంచితే మూడు ఆకులూ చేతిలోకి వస్తాయి. ఆ ఏడాది సంపాదన మొత్తం పోయినట్లే. కొత్త ఆకులను అదే ఏడాది వేసుకునే శక్తి మొక్కకు లేదు. ఒంటారియోలో ట్రిల్లియంను కోయడం ఎక్కడైనా చట్టవిరుద్ధమని చాలామంది నమ్ముతారు. నిజానికి రాష్ట్రమంతటికీ వర్తించే అలాంటి నిషేధం లేదు. పార్కులు, రక్షిత ప్రాంతాల్లో మాత్రం నిబంధనలు ఉన్నాయి. వంగిన పూలు పూసే ట్రిల్లియం ఫ్లెక్సిపెస్‌ను అక్కడ అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించి చట్టం కాపాడుతోంది. తెల్ల ట్రిల్లియంను కాపాడుతున్నది ఎక్కువగా జనంలో పాతుకుపోయిన ఆ నమ్మకమే.

చీమలు మోసే విత్తనం

ట్రిల్లియం విత్తనానికి ఒక పక్క కొవ్వుతో నిండిన చిన్న కండ అంటుకుని ఉంటుంది. దీన్ని ఎలైయోసోమ్ అంటారు. చీమలకు ఇది ఇష్టమైన ఆహారం. విత్తనాన్ని పుట్టకు మోసుకెళ్లి, ఆ కండను పిల్లలకు తినిపించి, గట్టి విత్తనాన్ని పుట్ట పరిసరాల్లోని చెత్తలో పడేస్తాయి. అక్కడి మెత్తని, సారవంతమైన మట్టిలో విత్తనం సురక్షితంగా ఉంటుంది. అమెరికా తూర్పు అడవుల్లో ఈ పని ఎక్కువగా అఫీనోగాస్టర్ అనే ప్రజాతి చీమలు చేస్తాయి.

ఇక్కడ శాస్త్రజ్ఞులకు ఒక చిక్కు ప్రశ్న ఎదురైంది. చీమ విత్తనాన్ని మోసేది కొద్ది మీటర్లే. గరిష్ఠంగా 10 మీటర్లు అనుకుందాం. ఒక తరానికి 10 ఏళ్లు పడితే, మొక్క ఏడాదికి సగటున ఒక మీటరు ముందుకు జరిగినట్లు. 10,000 ఏళ్లకు 10 కిలోమీటర్లు. కానీ గత మంచుయుగంలో నేటి ఒంటారియో మంచు పలకల కింద ఉండేది. ఆ మంచు వెనక్కి తగ్గాక ట్రిల్లియం దక్షిణం నుంచి వందల కిలోమీటర్లు ఉత్తరానికి వచ్చింది. చీమలు మాత్రమే మోస్తే ఇది సాధ్యం కాదు.

న్యూయార్క్ రాష్ట్రంలో జరిగి 2003లో వెలువడిన ఒక పరిశోధన జవాబులో కొంత భాగం అందించింది. తెల్లతోక జింకల పేడలో మొలకెత్తగల ట్రిల్లియం విత్తనాలు దొరికాయి. ఆహారం జింక కడుపులో ఉండే సమయాన్ని, ఆ సమయంలో జింక తిరిగే దూరాన్ని కలిపి లెక్క కడితే, కొన్ని విత్తనాలు 3 కిలోమీటర్లకు పైగా వెళ్లగలవని తేలింది. ఎప్పుడో ఒకసారి జరిగే ఇలాంటి దూరప్రయాణాలే మొక్కను కొత్త అడవులకు చేర్చి ఉండాలి.

అదే జింక నేడు ట్రిల్లియంకు పెద్ద బెడద కూడా. తోడేళ్లు, కొండ సింహాలు వంటి వేట జంతువులు చాలా చోట్ల లేకుండా పోవడంతో జింకల సంఖ్య పెరిగింది. జింకలు పొడవుగా ఎదిగిన, పూలున్న మొక్కలనే ఏరి తింటాయి. అలా మళ్లీ మళ్లీ కొరికిన చోట మిగిలే మొక్కలు పొట్టిగా ఉంటాయి. అందుకే అడవి మీద జింకల ఒత్తిడి ఎంత ఉందో తెలుసుకోవడానికి పరిశోధకులు ట్రిల్లియం ఎత్తును కొలుస్తారు.

నాటే చోటు, మట్టి, సమయం

ట్రిల్లియంకు తేమ నిలిచే, కానీ నీరు నిలవని మట్టి కావాలి. అడవి నేలలో ఏళ్ల తరబడి ఆకులు కుళ్లి తయారయ్యే నల్లని వదులు మట్టి దీనికి సహజమైన ఇల్లు. పెరట్లో దాన్ని తయారు చేయడం కష్టం కాదు. రాలిన ఆకులను కుప్పగా వేసి, తడి ఆరకుండా చూస్తూ, ఏడాది రెండేళ్లు కుళ్లనిస్తే ఆకు ఎరువు సిద్ధమవుతుంది. దాన్ని మట్టిలో బాగా కలపాలి. బంకమట్టి అయితే ఎత్తుగా మడి కట్టడం మంచిది. తెల్ల ట్రిల్లియం కొద్దిపాటి ఆమ్ల నేలల్లోనూ, సున్నపురాతి నేలల్లోనూ పెరుగుతుంది.

కొమ్ములను నాటడానికి మంచి సమయం ఆకులు వాడిపోయాక వచ్చే వేసవి చివర, శరదృతువు మొదలు. అప్పటికి మరుసటి ఏడాది మొగ్గ సిద్ధమై ఉంటుంది. కొమ్మును మొగ్గ పైకి ఉండేలా 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతున పెట్టాలి. మొక్కకూ మొక్కకూ సుమారు 30 సెంటీమీటర్ల ఎడం ఉంటే చాలు. పైన రాలిన ఆకులను పలచగా పరిచి వదిలేయాలి. ఆ ఆకుల పొర తేమను కాపాడుతుంది, చలికాలంలో దుప్పటిలా పనికొస్తుంది, కుళ్లి ఎరువవుతుంది. పెరడు శుభ్రంగా ఉండాలని ఆ ఆకులను ఊడ్చి పారేయడం ట్రిల్లియంకు చేసే మొదటి హాని.

వసంతంలోనూ, వేసవి తొలి భాగంలోనూ మట్టి ఎండిపోకుండా చూడాలి. రసాయన ఎరువులు ఎక్కువగా వేయనక్కర్లేదు. ఏటా ఒక పొర ఆకు ఎరువు చాలు. మొక్క నిద్రలోకి వెళ్లాక ఆ చోట ఏముందో పైకి తెలియదు కాబట్టి చిన్న కర్ర గుర్తుగా పాతుకోవాలి. తెలియక పలుగు దింపితే పదేళ్ల కొమ్ము తెగిపోతుంది. నాటిన మొదటి ఏడాది మొక్క సరిగా ఎదగకపోవచ్చు. అప్పుడు దాన్ని తవ్వి మరోచోట నాటడం కంటే ఓపిక పట్టడం మేలు.

సంఖ్య పెంచుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది విత్తనం. కాయ మెత్తబడగానే విత్తనాలు తీసి, ఎండనివ్వకుండా వెంటనే విత్తాలి. ఎండిపోయిన విత్తనం మొలకెత్తే శక్తిని కోల్పోతుంది, లేదా దాని నిద్ర మరింత ముదురుతుంది. సెంటీమీటరు లోతున విత్తి, తేమ ఆరకుండా రెండు చలికాలాలు కాపాడాలి. మొదటి వసంతంలో ఏమీ కనిపించలేదని కుండీని ఖాళీ చేయకూడదు. లోపల వేరు పెరుగుతూ ఉంటుంది. రెండోది, ముదిరిన కొమ్మును విడదీయడం. కొమ్ము పైభాగంలో మట్టి తొలగించి, కొస దగ్గర పదునైన కత్తితో లోతు లేని గాటు పెట్టి మళ్లీ మట్టి కప్పితే, ఆ గాటు వెంట పిల్ల కొమ్ములు పుడతాయి. అవి ఎదిగాక వేరు చేసి నాటుకోవచ్చు.

తెగులును అందం అనుకోవద్దు

కొన్నిసార్లు తెల్లని రేకల మీద ఆకుపచ్చ చారలు కనిపిస్తాయి. చూడటానికి వింతగా, అందంగా ఉండటంతో పూర్వం తోటమాలులు దీన్ని ప్రత్యేక రకంగా భావించి సేకరించేవారు. నిజానికి అది ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే తెగులు. తెలుగు రైతులకు ఈ తరగతి సూక్ష్మజీవి కొత్త కాదు. నువ్వు పంటలో పూలు ఆకుల్లా మారిపోయే వెర్రి తెగులుకు కారణం కూడా ఫైటోప్లాస్మానే. తెగులు సోకిన ట్రిల్లియం క్రమంగా బలహీనపడుతుంది. దానికి మందు లేదు. మిగతా మొక్కలను కాపాడుకోవాలంటే దాన్ని పీకి నాశనం చేయాలి.

లేత ఆకులను కొరికే నత్తలను చేత్తో ఏరివేయవచ్చు. జింకలు తిరిగే చోట కంచె తప్ప నమ్మకమైన ఉపాయం లేదు.

ఎక్కడి నుంచి వచ్చిన మొక్క?

పూలతో ఉన్న ట్రిల్లియం తక్కువ ధరకు దొరికితే ఒక ప్రశ్న వేసుకోవాలి. ఏడేళ్లు నీళ్లు పోసి పెంచిన మొక్కను ఎవరైనా ఆ ధరకు ఎలా అమ్మగలరు? చాలాసార్లు జవాబు, అది అడవిలోంచి తవ్వి తెచ్చినదని. నర్సరీలో పెరిగింది అనే మాటను కూడా జాగ్రత్తగా వినాలి. అడవిలో తవ్విన కొమ్మును ఒక ఏడాది కుండీలో ఉంచినా ఆ మాట వాడవచ్చు. విత్తనం నుంచి గాని, విడదీసిన కొమ్ము నుంచి గాని నర్సరీలోనే పుట్టిందా అని అడగడం సరైన ప్రశ్న. ఒక్క పూల మొక్కను తవ్వితే అడవి కోల్పోయేది ఒక్క మొక్కనే కాదు. అది రాబోయే ఏళ్లలో ఇవ్వవలసిన విత్తనాలన్నీ దానితో పాటే పోతాయి.

హిమాలయాల నాగఛత్రి

ఈ లెక్క మన దేశంలో మరింత బరువైనది. హిమాలయాల్లో సుమారు 2,400 నుంచి 4,000 మీటర్ల ఎత్తున, ఓక్, ఫర్ చెట్ల నీడలో ట్రిల్లియం గొవానియానం పెరుగుతుంది. దీనికీ మూడే ఆకులు. పువ్వు మాత్రం తెల్లగా ఉండదు, ఊదా కలిసిన గోధుమ రంగులో సన్నని రేకలతో ఉంటుంది. హిమాచల్ ప్రదేశ్‌లో దీన్ని నాగఛత్రి అంటారు. దీని కొమ్ములో స్టెరాయిడ్ సపోనిన్లు ఉంటాయి. వాటి కోసం ఔషధ వ్యాపారంలో కొమ్ముకు మంచి గిరాకీ ఏర్పడింది. దాంతో జమ్మూ కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో అక్రమ తవ్వకాలు పెరిగాయి. ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఈ మొక్క నేడు అంతరించే ప్రమాదంలో ఉన్న వర్గంలో ఉంది.

ఆకును వాడే మందుమొక్క అయితే కోసినా మళ్లీ చిగురిస్తుంది. నాగఛత్రిలో వాడేది కొమ్ము. కొమ్మును తీస్తే మొక్కే ఉండదు. విత్తనాలు ముదరకముందే తవ్వితే తర్వాతి తరం కూడా పోతుంది. కొండ మీది కుటుంబాలకు ఆ ఆదాయం అవసరమే కాబట్టి నిషేధం ఒక్కటే దీనికి పరిష్కారం కాలేదు. తవ్వినప్పుడు మొగ్గ ఉన్న కొస ముక్కను అక్కడే తిరిగి నాటడం, విత్తనాలు రాలాకే తవ్వడం, ఒకే చోట ఏటా తవ్వకుండా వంతులు పాటించడం, కొమ్ము ముక్కలతో నారుమళ్లు పెంచడం వంటి పనులకు స్థానికుల సహకారం కావాలి. ఏ పద్ధతిని ఎంచుకున్నా, మొక్క తన వేగంతోనే పెరుగుతుంది.

మన తోటలకు పనికొచ్చే పాఠం

తెలుగు నేల మీద ట్రిల్లియం పెరగదు. దాని విత్తనానికీ మొగ్గకూ వారాల తరబడి ఎడతెగని చలి కావాలి. లంబసింగిలో ఉష్ణోగ్రత ఎంత పడిపోయినా అది కొన్ని రాత్రుల మాటే. కానీ ఇదే జీవనపద్ధతి మన అడవుల్లో వేరే గడియారంతో నడుస్తుంది. తూర్పు కనుమల అడవుల్లో నేలతాడి, అడవినాభి వంటి మొక్కలు ఎండాకాలమంతా నేలలో దుంపగా ఉండిపోతాయి. తొలకరి పడగానే పైకి లేచి పూస్తాయి. వానలు వెనక్కి తగ్గాక మళ్లీ వాడిపోతాయి. అక్కడ చలి చేసే పనిని ఇక్కడ వాన చేస్తుంది. ఈ రెండు మొక్కలనూ మందుల కోసం అడవుల్లో తవ్వుతూనే ఉన్నారు.

వీటిని ఇంట్లో పెంచాలనుకునే వారికి ట్రిల్లియం నేర్పే పద్ధతులే వర్తిస్తాయి. దుంపను అడవి నుంచి తవ్వి తేకుండా, పెంచి అమ్మే నర్సరీలో తీసుకోవాలి. నిద్ర కాలంలో నీళ్లు ఎక్కువ పోయకూడదు. రాలిన ఆకులను మట్టి మీదే ఉంచాలి. అడవినాభిలో కోల్చిసిన్ అనే విషం ఉంటుంది కాబట్టి పిల్లలకు, పశువులకు అందని చోట నాటాలి.

ఒంటారియో పెరట్లో ఈ ఏడాది విత్తిన ట్రిల్లియం గింజ పూసే నాటికి, ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల ఎనిమిదో తరగతికి వస్తుంది. హిమాలయాల్లో నేడు తవ్విన నాగఛత్రి చోటు మళ్లీ నిండాలంటే, అక్కడ విత్తనం మిగిలి ఉండాలి, చాలా ఏళ్ల పాటు ఆ నేలను ఎవరూ కదపకుండా ఉండాలి.